డీజిలు పన్ను కూలివాడి జేబులోకి ఎలా వస్తుంది?

బండి లేనివాడికి డీజిలు ధరతో పనేమిటని అడిగే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. కూలినాలి చేసుకునేవాడు బంకుకు పోడు, బిల్లు తీసుకోడు, నిజమే. కాని దమ్ము చేసే ట్రాక్టరుకు, వరికోత మిషనుకు, కాలవ నీరందని చేనికి మురుగుకాలవలోంచి నీళ్ళు తోడే ఆయిలింజనుకు, తెల్లవారుజామున కూలీలను మిరపకోతకు తీసుకుపోయే ఆటోకు, ఊళ్ళోకి ఉల్లిపాయలు తెచ్చే లారీకి డీజిలే కావాలి. అందులో ప్రతి లీటరు మీదా పన్ను ముందే తీసేసుకుంటున్నారు.

లెక్క చూద్దాం. 2014 ఏప్రిల్‌లో లీటరు డీజిలు మీద కేంద్ర ఎక్సైజు సుంకం 3 రూపాయల 56 పైసలు. ఆ ఏడాది అక్టోబరులో డీజిలు ధర మీద అదుపు ఎత్తేశారు. ప్రపంచ మార్కెట్‌లో పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అని చెప్పారు. ముడిచమురు ధర నిజంగానే పడిపోయింది. కాని 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా సుంకాన్ని తొమ్మిదిసార్లు పెంచి, ఆ తగ్గుదలలో పెద్దభాగం ఖజానాకు మళ్ళించారు. 2020 ఏప్రిల్‌లో మనం కొనే ముడిచమురు పీపా ఇరవై డాలర్ల దరికి దిగింది. జనం లాక్‌డౌన్‌లో పనుల్లేక ఇళ్ళలో కూచుని ఉండగా, మే నెలలో ఒక్క దెబ్బన 13 రూపాయలు పెంచారు. సుంకం 31 రూపాయల 83 పైసలయింది. పెరిగితే భారం మనది, తగ్గితే లాభం వాళ్ళది!

దమ్ము ట్రాక్టరు గంటకు ఐదు లీటర్లు తాగుతుందనుకోండి. 2014లో గంట దమ్ముకు కేంద్రానికి ముట్టింది 18 రూపాయల లోపు. 2020లో అదే గంటకు 159 రూపాయలు. రాష్ట్రం పన్ను దీనికి అదనం. ఆ ఏడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజుకూలి 237 రూపాయలు. మరుసటి ఏడు పెంచింది ఎనిమిదంటే ఎనిమిది రూపాయలు. ఆ ఏడే, 2021 అక్టోబరులో, హైదరాబాదులో డీజిలు లీటరు వంద దాటింది.

పెట్రోలు, డీజిళ్ళ మీద కేంద్రానికి వచ్చిన సుంకం 2019-20లో 1.78 లక్షల కోట్లు, 2020-21లో 3.35 లక్షల కోట్లు. వ్యాపారాలు మూతపడి, కూలీలు వందల మైళ్ళు నడిచి ఇళ్ళు చేరిన ఏడాది ఇది. దానికి కొద్దినెలల ముందే, 2019 సెప్టెంబరులో, కంపెనీల లాభాల మీద పన్నును 30 శాతం నుంచి 22కి దించారన్నది కూడా పక్కన రాసుకోవాలి.

రాష్ట్రాల పాత్ర లేదని మేము అనడం లేదు. 2021లో తెలంగాణ డీజిలు మీద 27 శాతం వ్యాట్ వేసింది. ఆంధ్రప్రదేశ్ 22.25 శాతం, దానిపైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల సెస్సు మరో రూపాయి వేసింది. ఈ వ్యాట్ ఎక్సైజు కలిసిన ధర మీద పడుతుంది కనుక పన్ను మీద పన్ను. అయితే కేంద్రం చేసిన మాయ ఒకటుంది. 2021 బడ్జెట్ తర్వాత 31 రూపాయల 80 పైసల్లో రాష్ట్రాలకు వాటా దక్కే అసలు సుంకం రూపాయి 80 పైసలే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు. అందులో ఒకదాని పేరు వ్యవసాయ సెస్సు!

ఇక ఇది ఎవరి నెత్తిన దిగుతుంది? కంపెనీవాడు సిమెంటు బస్తా మీదో సబ్బు మీదో వేసుకుంటాడు. కిరాణా కొట్టువాడు కొంత వేస్తాడు, కొంత అరువుల కింద పోగొట్టుకుంటాడు. ఫైనాన్సు మీద ఆటో కొన్నవాడికి కిస్తీ తప్పదు కనుక మనిషికి పది రూపాయలు పెంచుతాడు. రైతు తన ధర తాను వేసుకోలేడు. సాధారణ రకం వరి మద్దతు ధర 2020-21లో క్వింటాలు 1868, మరుసటి ఏడు 1940. పెరిగింది 72 రూపాయలు, అదీ ఆ ధరకు కొనే నాథుడుంటే. కౌలురైతు సంగతి మరీ కష్టం. కౌలు ముందే ఖాయం, ఎరువుల కొట్టు బాకీ ఖాయం, ట్రాక్టరు బాడుగ ఖాయం. గీసి గీసి తగ్గించగలిగింది కూలి ఒక్కటే.

"డీజిలెంతయిందో తెలుసుగా, మీకెక్కణ్ణుంచి పెంచేది?" అని రైతు. "ఆటోకే పోతే ఇంటికేం పట్టుకెళ్ళమంటారండీ?" అని కూలీలు. గట్టు మీద ఇద్దరూ మాటామాటా అనుకుంటారు. డబ్బు పట్టుకుపోయినవాడు ఆ గట్టు మీద లేడు. అందుకే కూలిరేట్లు మాట్లాడేటప్పుడు ఆటో చార్జీని కూలిలో కలపకుండా వేరే తేల్చుకోవాలి. కలిపేస్తే చార్జీ పెరిగిన రోజున కూలి తగ్గినట్టే. పన్ను సంగతి మాత్రం రైతూ కూలీ కలిసి అడగవలసింది.

ఆందోళనలు, ఎన్నికల భయం పనిచేయకపోలేదు. 2021 నవంబరులో పది, 2022 మేలో ఆరు రూపాయలు తగ్గించారు. అయినా మిగిలింది 15 రూపాయల 80 పైసలు, 2014 నాటికి నాలుగు రెట్లకు పైన. 2025 ఏప్రిల్‌లో ముడిచమురు పడిపోగానే మళ్ళీ రెండు రూపాయలు వేశారు. బంకులో ధర మారలేదు కనుక ఎవరికీ తెలియలేదు. అదే ఏడు సెప్టెంబరులో ట్రాక్టరు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దించారు, మంచిదే. కొనేవాడికి మేలు. బాడుగకు తోలించుకునేవాడు భరించేది డీజిలు, దాన్ని మాత్రం జీఎస్టీలో చేర్చబోమని 2021 సెప్టెంబరులో లక్నో సమావేశంలోనే తేల్చేశారు.

డబ్బు లేదనే మాట చెల్లదు. ఆంధ్రప్రదేశ్‌లో చేపల పడవలకు లీటరు డీజిలు మీద ఇచ్చే రాయితీని 2019లో తొమ్మిది రూపాయలు చేశారు. బీహారులో 2023లో వర్షాలు మొహం చాటేస్తే, ఇంజనుతో నీరు పెట్టుకునే రైతుకు లీటరుకు 75 రూపాయల చొప్పున, ఎకరం ఒక తడికి 750 రూపాయలిచ్చారు. కాలవ చివర ఆయిలింజను పెట్టుకుని నారుమడి కాపాడుకునే మన కౌలురైతుకు అలాంటి రాయితీ ఇవ్వాలని మండల కచేరీలో అర్జీ పెట్టవలసింది నాట్లకు ముందే.