కాలి బుడిపెకు కత్తి కన్నా చెప్పే మందు

బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకొచ్చి బాధపడుతున్నారా? కోయించుకోవాలేమోనని కంగారు పడకండి. చాలామందికి ఆపరేషన్ లేకుండానే నొప్పి అదుపులో ఉంటుంది.

ఎద్దు కుంటుతుంటే ఆ పూటే ఆపి చూస్తాం. నాడా ఊడిందా, గిట్టల మధ్య రాయి ఇరుక్కుందా అని కాలెత్తి మరీ వెతుకుతాం. అదే మన కాలు కుంటితే మాత్రం "నాట్లు కానీ, చూద్దాం" అంటాం. నాట్లయ్యాక కలుపు, కలుపు తర్వాత కోతలు. ఈలోగా నొప్పి ముదురుతుంది. ఎకరం, రెండెకరాల రైతుకు సొంత రెక్కలే పెట్టుబడి. కాలు మొరాయిస్తే కూలి మనిషిని పెట్టుకోవాలి, లేదా పని వాయిదా వేసుకోవాలి. రెండూ నష్టమే.

అలా నిర్లక్ష్యం చేసే బాధల్లో ఒకటి బొటనవేలి పక్క బుడిపె. పాదం లోపలి వైపు, బొటనవేలి మొదట్లో గట్టిగా ఉబ్బుతుంది. వేలు మాత్రం రెండో వేలి వైపు వాలిపోతుంది. చెప్పు తగిలితే ఎర్రబడి మంట పుడుతుంది. డాక్టర్లు దీన్ని 'బనియన్' అంటారు. మనం ఒంటికి తొడుక్కునే బనియనుకూ దీనికీ సంబంధం లేదు. వైద్య పుస్తకాల్లో దీని పేరు 'హాలక్స్ వాల్గస్'.

ఎముక పెరగడం కాదు, పక్కకు జరగడం

"ఎముక పెరిగింది, కోసేయాలి" అనే మాట ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. అసలు సంగతి వేరు. బొటనవేలి వెనుక పాదంలో ఉండే పొడవాటి ఎముక మెల్లగా లోపలి వైపుకు, అంటే రెండో పాదం వైపుకు జరుగుతుంది. వేలేమో బయటి వైపుకు వాలుతుంది. ఆ రెండూ కలిసే కీలు మూలలా పొడుచుకొస్తుంది. మనకు బుడిపెలా కనిపించేది ప్రధానంగా ఆ మూలే. దానిమీద చెప్పు రాపిడి వల్ల చర్మం మందమవుతుంది, లోపల నీరు చేరి వాస్తుంది.

కాబట్టి రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, పక్కకు జరిగిన ఎముకను పసర్లు, పూత మందులు వెనక్కి తేలేవు. రెండు, నొప్పిలో ఎక్కువ భాగం రాపిడి వల్ల, వాపు వల్ల వచ్చేది. దాన్ని మాత్రం తగ్గించుకోవచ్చు. బుడిపె ఉన్నంత మాత్రాన నొప్పి ఉండాలని లేదు.

ఎందుకు వస్తుంది?

తల్లికో నాయనమ్మకో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. చదును పాదాలున్నవారికి, కీళ్లవాతం ఉన్నవారికి కూడా వస్తుంది. వీటికి తోడు ముందు భాగం ఇరుకైన చెప్పులు, బూట్లు బాధను పెంచుతాయి.

హాంకాంగ్‌లో చేసిన ఒక పరిశీలన 1958లో వెలువడింది. బూట్లు వేసుకునేవారి పాదాలను, ఎన్నడూ వేసుకోనివారి పాదాలను పోల్చి చూశారు. వేసుకునేవారిలో నూటికి 33 మందికి వేలు వాలిపోగా, వేసుకోనివారిలో అది సుమారు ఇద్దరికే కనిపించింది. అలాగని చెప్పులు వదిలేయమని అర్థం కాదు. ముల్లు, గాజు పెంకు, పాము, పురుగు మందు మన పొలాల్లో ఉన్నవే. చెప్పు ఉండాలి, అది పాదానికి సరిపోవాలి.

ముందు చెప్పు సంగతి తేల్చండి

ఒక పని చేయండి. సాయంత్రం పొలం నుంచి వచ్చాక పాత పేపరు మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీయించుకోండి. రెండు పాదాలకూ గీయాలి. ఆ గీతల మీద మీ చెప్పు పెట్టి చూడండి. గీత చెప్పు బయటకు వస్తోందంటే రోజంతా ఆ మేర పాదాన్ని నొక్కి పెడుతున్నామన్నమాట.

కొత్తవి కొనేటప్పుడు ఇవి చూసుకోవాలి:

- సాయంత్రం పూట కొనాలి. నడిచి నడిచి పాదం కొంత ఉబ్బి ఉంటుంది. పొద్దున్నే సరిపోయిన చెప్పు సాయంత్రానికి బిగుతవుతుంది.
- రెండు పాదాలూ ఒకేలా ఉండవు. పెద్ద పాదానికి సరిపోయే సైజు తీసుకోవాలి.
- ముందు భాగం వెడల్పుగా ఉండాలి. పొడవైన వేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండాలి.
- అడుగు భాగం మెత్తగా ఉండాలి కానీ బట్టలా మడతపడిపోకూడదు. మడమ ఎత్తు తక్కువగా ఉండాలి.
- పట్టీ సరిగ్గా బుడిపె మీద పడకూడదు. మడమ వెనుక కూడా పట్టీ ఉంటే చెప్పు జారిపోకుండా వేళ్లు బిగబట్టాల్సిన పని ఉండదు.

కొత్తవి కొనే వీలు లేకపోతే ఉన్నవాటినే బాగు చేయించుకోవచ్చు. చెప్పులు కుట్టే వారికి బుడిపె చూపించి, ఆ చోట పట్టీని ముందుకో వెనక్కో జరిపించండి. తోలు చెప్పులకు ఉంగటం బిగుతుగా ఉంటే వదులు చేయించండి. కొలత తీసి కిర్రు చెప్పులు కుట్టే వారు మీ దగ్గర ఉంటే గీసిన కాగితాన్నే పట్టుకెళ్లండి. అరిగి పలచబడిన హవాయి చెప్పులు మాత్రం పనికిరావు. గట్టు మీద ప్రతి రాయీ పాదానికి తగులుతుంది.

మెత్తని అడుగు కావాలంటే 'ఎంసీఆర్' చెప్పులు అడగండి. సన్నని గాలి గదులున్న రబ్బరుతో చేస్తారు. స్పర్శ లేని కుష్ఠు రోగుల పాదాలకు పుండ్లు పడకుండా మన దేశంలో ఎన్నో ఏళ్లుగా వీటిని ఇస్తున్నారు. షుగరు ఉన్నవారికి కూడా డాక్టర్లు వీటినే సూచిస్తారు.

ఆడవారు గమనించాల్సిన సంగతి మరొకటి ఉంది. బొటనవేలు పక్కకు నెట్టుకొచ్చినప్పుడు రెండో వేలికున్న మెట్టె ఒరుసుకుని పుండు పడుతుంది. వాపు ఉన్నన్నాళ్లు మెట్టెలు తీసి ఉంచడం మంచిది. తీయడం ఇష్టం లేకపోతే సన్నగా, వదులుగా ఉన్నవి వేసుకోండి.

పొలం పనుల్లో జాగ్రత్తలు

మడిలో దిగినప్పుడు చెప్పు ఉండదు కాబట్టి బుడిపెకు రాపిడి ఉండదు. కానీ బురదలోంచి అడుగు తీసేటప్పుడు బొటనవేలి కీలు మీద బరువు పడుతుంది. నొప్పి ఉన్న రోజుల్లో గంటకోసారి గట్టెక్కి కాసేపు కూర్చోవాలి. కూర్చునే వీలున్న పనులు ఆ రోజుల్లో మీరు చేసి, మోత పనులు ఇంట్లో మరొకరికి అప్పగించాలి.

పని ముగిశాక పాదాలు శుభ్రంగా కడిగి వేళ్ల సందుల్లో పొడి గుడ్డతో తుడుచుకోవాలి. నానిన చర్మం త్వరగా చిట్లుతుంది. వేలు వాలినవారికి వేళ్ల సందులు ఇరుకైపోయి అక్కడే పాచి పుండు పడుతుంది.

మందు కొట్టేటప్పుడు రబ్బరు బూట్లు తప్పనిసరి. గుడ్డ బూట్లు మందును పీల్చుకుంటాయి. బుడిపె ఉన్నవారు ముందు భాగం వెడల్పుగా ఉన్న జత చూసుకుని లోపల నూలు మేజోళ్లు వేసుకోవాలి. అవసరమైతే ఒక సైజు పెద్దది తీసుకోండి. ప్యాంటు అంచు బూటు బయట ఉండాలి. లోపల దోపితే మందు కాలి వెంట కారి బూటులోకి దిగుతుంది.

ఇంట్లోనే చేసుకోదగ్గవి

రింగు మెత్త: మందపాటి మెత్తని గుడ్డను గుండ్రంగా కత్తిరించి, మధ్యలో బుడిపె పట్టేంత రంధ్రం చేయండి. బుడిపె ఆ రంధ్రంలో ఉండేట్టు పెట్టి పట్టీతో అంటించండి. ఒత్తిడి చుట్టూ పడుతుంది కానీ బుడిపె మీద పడదు. బుడిపె మీదే మెత్త పెడితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

వేళ్ల మధ్య దూది: బొటనవేలికీ రెండో వేలికీ మధ్య గాజుగుడ్డలో చుట్టిన దూది పెట్టుకోవచ్చు. వేళ్లు ఒరుసుకోవు. మరీ మందంగా పెట్టకూడదు. తడిస్తే వెంటనే తీసేయాలి.

చల్లని కాపడం: ఎర్రగా వాచినప్పుడు ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టాలి. ఐసు నేరుగా చర్మానికి తగలనీయకూడదు. షుగరు ఉన్నవారు, పాదాల్లో స్పర్శ తగ్గినవారు వేడి కాపడం గానీ చల్లని కాపడం గానీ పెట్టకూడదు. కాలినా తెలియదు.

వ్యాయామం: కుర్చీ మీద గానీ అరుగు మీద గానీ కూర్చుని, నేల మీద పరిచిన తువ్వాలును కాలి వేళ్లతో దగ్గరకు లాగండి. పిల్లల గోళీలు పది నేల మీద వేసి కాలి వేళ్లతో ఒక్కొక్కటీ ఎత్తి గిన్నెలో వేయండి. రెండు బొటనవేళ్లకూ కలిపి వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి, మడమలు కదలకుండా పాదాల ముందు భాగాలను మెల్లగా దూరం జరపండి. 5 అంకెలు లెక్కపెట్టి వదలండి. ఇలా 10 సార్లు చేయాలి. రోజూ చేస్తే కీలు బిగుసుకోదు, పాదం కండరాలకు బలం వస్తుంది. నొప్పి పెరిగితే ఆపేయాలి.

నొప్పి మాత్రలు: తప్పనిసరైతే పెద్దవారు పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోవచ్చు. మాత్రకూ మాత్రకూ 6 గంటల తేడా ఉండాలి. కాలేయ జబ్బు, తాగే అలవాటు ఉన్నవారు డాక్టరును అడగాలి. దుకాణంలో ఇచ్చే రంగురంగుల నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండలో నీళ్లు తక్కువ తాగి పనిచేసేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

ఈ పనులు వద్దు

- బుడిపెను, దానిమీద ఆనెను బ్లేడుతో చెక్కొద్దు. షుగరు ఉన్నవారికి ఆ చిన్న గాయమే కాలు తీసేసే దాకా తేవచ్చు.
- నల్లజీడి రసం, జిల్లేడు పాలు పూయొద్దు. చర్మం బొబ్బలెక్కి పుండవుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే మరీ ప్రమాదం.
- వాతలు పెట్టించుకోవద్దు.
- వేలిని బలంగా లాగి సరిచేస్తామనే వారి చేతికి పాదం అప్పగించొద్దు.
- రాత్రి కట్టుకునే పట్టీలతో వేలు తిన్నగా అవుతుందనే ప్రకటనలు నమ్మొద్దు. అవి కొందరికి హాయినిస్తాయేమో గానీ, పెద్దవారి ఎముకను శాశ్వతంగా సరిచేయలేవు.

ప్రతి వాపూ బుడిపె కాదు

రాత్రికి రాత్రే బొటనవేలి కీలు ఎర్రగా, వేడిగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వచ్చిందంటే అది 'గౌట్' కావచ్చు. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరగడం వల్ల వస్తుంది, మందులతో తగ్గుతుంది. జ్వరం కూడా ఉంటే చీము పట్టి ఉండవచ్చు. ఆలస్యం చేయకూడదు. పొద్దున్నే చేతి వేళ్లు కూడా బిగుసుకుపోతుంటే కీళ్లవాతం పరీక్ష చేయించుకోవాలి. పాదం మొద్దుబారి, ముల్లు గుచ్చుకున్నా తెలియకపోతే షుగరుకూ కుష్ఠుకూ పరీక్ష అవసరం. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. అక్కడి నుంచి ఎముకల డాక్టరు దగ్గరకు పంపుతారు.

ఆపరేషన్ ఎప్పుడు?

చెప్పులు మార్చి, జాగ్రత్తలు తీసుకుని కొన్ని నెలలు చూసినా నడవలేనంత నొప్పి ఉంటే, బొటనవేలు రెండో వేలి మీదికి ఎక్కుతుంటే, బుడిపె మీద పుండు మానకపోతే డాక్టరుతో మాట్లాడాలి. చూడటానికి బాగోలేదని మాత్రం చేయించుకోవద్దు.

సాధారణంగా ఇందులో ఎముకను కోసి, సరైన వరుసలో పెట్టి బిగిస్తారు. సుమారు 6 వారాలు ప్రత్యేకమైన చెప్పుతో జాగ్రత్తగా ఉండాలి. వాపు పూర్తిగా తగ్గడానికి 6 నెలలు కూడా పట్టొచ్చు. బురదలో దిగి పనిచేయడం అంతకు ముందే కుదరకపోవచ్చు. అంటే ఒక పంట కాలం లెక్కలో పెట్టుకోవాల్సిందే. తప్పనిసరైతే రబీ కోతలయ్యాక చేయించుకునేలా డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. కొందరికి ఆపరేషన్ తర్వాత కూడా వేలు మళ్లీ వాలుతుంది. అందుకే ఆ తర్వాత కూడా వెడల్పు చెప్పు తప్పదు.

మీ సందేహాలు

మేం చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండానే తిరిగాం. మాకెందుకు వచ్చింది?
పాదం నిర్మాణం వంశంలో వస్తుంది. చెప్పు దాన్ని ముదరబెడుతుందే గానీ, అదొక్కటే కారణం కాదు.

నొప్పి లేదు, బుడిపె మాత్రం ఉంది. ఏం చేయాలి?
మందులేమీ అక్కర్లేదు. వెడల్పు చెప్పు వేసుకోండి. ఏడాదికోసారి పాదాన్ని కాగితం మీద గీసి పాత గీతతో పోల్చుకోండి. షుగరు ఉంటే రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి.

మా పిల్లలకు రాకుండా ఏం చేయాలి?
స్కూలు బూట్లు బిగుతైనా ఏడాది దాటించాలని చూడొద్దు. 3, 4 నెలలకోసారి వేళ్ల ముందు ఖాళీ ఉందో లేదో నొక్కి చూడండి. ఇంటి దగ్గర శుభ్రమైన నేల మీద ఉత్త కాళ్లతో ఆడుకోనివ్వండి.

విత్తనం కొనేటప్పుడు పది కొట్లు తిరిగి చూసే రైతు, చెప్పులు మాత్రం చేతికందిన జత కొనేస్తాడు. ఈసారి సంతకు వెళ్లేటప్పుడు పాదం గీసిన కాగితం జేబులో పెట్టుకు వెళ్లండి. గీత బయటకు రాని చెప్పు దొరికే దాకా డబ్బు తీయకండి.