తుఫాను తర్వాత కరెంటు లేని రోజులు: పాల సంఘాలు ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు

గాలివాన ఒక్క రాత్రిలో వెళ్ళిపోతుంది. పోయిన కరెంటు మాత్రం ఒక్క రాత్రిలో తిరిగి రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతంలో తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడితోటలను పడగొట్టింది. రెండుసార్లూ వేలాది విద్యుత్ స్తంభాలు కూలాయి. లైన్లు బాగుచేసేటప్పుడు ముందు పెద్ద లైన్లు, ఆసుపత్రులు, పట్టణాలు చూస్తారు, తర్వాత పల్లెలు, ఊరి చివరనున్న ట్రాన్స్‌ఫార్మరు వంతు ఆఖరున వస్తుంది. కనుక చాలా గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి.

ధాన్యం గాదెలో ఆగుతుంది. కొబ్బరికాయ కొట్టులో ఆగుతుంది. పాలు ఆగవు. కరెంటు పోయిన సంగతి గేదెకు తెలియదు. ఉదయం, సాయంత్రం దాని పొదుగు నిండుతూనే ఉంటుంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మనుషులతోపాటు పశువులు లెక్కకు మించి కొట్టుకుపోయాయి. ఈనాడు హెచ్చరికలు ముందుగా అందుతున్నందువల్ల మనుషులనూ పశువులనూ చాలావరకు కాపాడుకోగలుగుతున్నాము. కాని ఆనాడు పాలు కొలవడానికి, పశువుకు నీళ్ళు తోడడానికి కరెంటు అంతగా అక్కరలేదు. ఈనాడు కాటా, వెన్న శాతం చూసే యంత్రం, బల్క్ కూలరు, ఇంటి బోరు మోటారు అన్నీ దానిమీదే నడుస్తున్నాయి. పశువు బ్రతికింది, పాలు ఉన్నాయి, అయినా రైతు చేతికి పైసా రాని పరిస్థితి ఇందువల్లనే వస్తున్నది.

అటువంటి రోజుల్లో కొంత నష్టం తప్పదు. ఆ నష్టం ఎవరి మీద ఎంత పడాలన్నది తుఫాను రాకముందే సంఘం తీర్మానించుకోవాలి. తీర్మానం లేని చోట అది వరుసలో చివర నిలబడినవారి మీద, ఒక్క గేదె మీద బ్రతికేవారి మీద పడుతుంది. ఈ వ్యాసంలో ముందుగా పాలు కాపాడుకునే పద్ధతులు, ఆ తర్వాత సంఘం చేసుకోవలసిన తీర్మానం వివరిస్తాను.

పాలు ఎంతసేపు ఆగుతాయి?

పొదుగు నుండి వచ్చిన పాలు పశువు ఒంటి వేడితో, అంటే 37, 38 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉంటాయి. పాలను పులియజేసే సూక్ష్మజీవులకు ఈ వేడి బాగా అనుకూలం. ఆ వేడిలో అవి సుమారు అరగంటకు ఒకసారి రెట్టింపు అవుతాయని అనుకుంటే, నాలుగు గంటలలో ఒకటి 256 అవుతుంది. 4 డిగ్రీలకు చల్లబరిస్తే వాటి పెరుగుదల చాలా మందగిస్తుంది. కాబట్టి కరెంటు లేనప్పుడు మన చేతిలో ఉన్న గడువు మూడు, నాలుగు గంటలు మాత్రమే. మురికి గిన్నెలో పితికితే ఆ గడువు ఇంకా తగ్గుతుంది.

ఇంటి దగ్గర చేయవలసినవి

1. పాలు పోసే వీలు లేదని పితకడం మానరాదు. పాలు పొదుగులో నిలిచిపోతే పొదుగువాపు రావచ్చు. అది వస్తే తుఫాను పోయినా నష్టం పోదు.

2. పితికే వేళను సంఘం ప్రకటించిన సేకరణ వేళకు జరుపుకోవాలి. కేంద్రం ఏడు గంటలకు తెరిస్తే ఐదు గంటలకే పితికి పెట్టుకోవడం వల్ల రెండు గంటల గడువు ఊరకే పోతుంది.

3. పాలగిన్నెను నీళ్ళ తొట్టిలో మెడ వరకు దించి, చుట్టూ తడిగోనె చుట్టి, గాలి తగిలే నీడలో ఉంచాలి. నీళ్ళు వెచ్చబడగానే మార్చాలి. ఇలా చేసినందువల్ల పాలు నూతినీటి చల్లదనం వరకే దిగుతాయి. నిలవ ఉంచడానికి అది చాలదు గాని, కేంద్రం చేరేవరకు కాపాడుతుంది.

4. వరదనీరు కలిసిన నూతి నీటితో గిన్నెలు కడగరాదు. కాచిన నీళ్ళతో కడిగి, ఎండ ఉంటే ఎండలో బోర్లించాలి.

5. పాలిచ్చే గేదెకు రోజుకు 50, 60 లీటర్లకు తక్కువ కాకుండా నీళ్ళు కావాలి. బోరు మోటారు నడవదు కనుక తుఫాను హెచ్చరిక వినగానే తొట్లు, డ్రమ్ములు నింపుకోవాలి. ఊరిలోని చేతిపంపులను ముందే బాగుచేయించుకోవాలి. నీళ్ళు చాలని గేదె రెండవ పూటకే పాలు తగ్గిస్తుంది.

6. తెగిపడిన తీగ ఉన్న చోటికి పశువులను తోలరాదు. కరెంటు లేదు కదా అని తీగను చేతితో తీయరాదు. విద్యుత్ సంస్థ వారికి 1912 నంబరుకు తెలియజేయాలి. తడిసి బూజుపట్టిన వరిగడ్డి వేయరాదు. పశువుకు జబ్బు చేస్తే 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. ఫోన్లు పనిచేయకపోతే పశువైద్యశాలకు మనిషిని పంపాలి.

కేంద్రంలో కూలరు, జనరేటరు వాడే విధానం

బల్క్ కూలరు ఉన్న సంఘాలలో జనరేటరును రోజంతా నడపనవసరం లేదు. కూలరుకు చుట్టూ వేడి చొరబడని పొర ఉంటుంది. పాలు పోస్తున్నప్పుడు, ఆ తర్వాత 4 డిగ్రీలకు దిగేవరకు నడిపి, మూత బిగించి ఆపవచ్చు. మాటిమాటికి మూత తెరవకుండా థర్మామీటరు మాత్రం గంటకొకసారి చూడాలి. 7 డిగ్రీలకు చేరకముందే మళ్ళీ నడపాలి.

ఒక పొరపాటు చాలా చోట్ల జరుగుతున్నది. డీజిలు అయిపోయిందని తెలిసి కూడా, ఉదయం చల్లబరచిన పాల మీద సాయంత్రం పాలు పోస్తారు. 4 డిగ్రీల పాలు 500 లీటర్లు, 34 డిగ్రీల పాలు 500 లీటర్లు కలిస్తే మొత్తం 19 డిగ్రీల దగ్గరకు వస్తుంది. చల్లబరచే శక్తి లేకపోతే తెల్లవారేసరికి 1,000 లీటర్లూ పాడవుతాయి. 500 లీటర్లు దక్కించుకోవడానికి పోయి మొత్తం పోగొట్టుకున్నట్లు అవుతుంది. డీజిలు లేనప్పుడు సాయంత్రం పాలను కూలరులో పోయక, వేరే మార్గం చూడాలి.

డీజిలు విషయం కూడా ముందే చూసుకోవాలి. తుఫాను తర్వాత బంకులలోని పంపులు కూడా కరెంటు లేక ఆగుతాయి. జనరేటరు గంటకు ఎంత తాగుతుందో ఒకసారి కొలిచి గోడమీద రాసి ఉంచాలి. ఉదాహరణకు గంటకు 3 లీటర్లయితే, రోజుకు 6 గంటల చొప్పున 5 రోజులకు 90 లీటర్లు కావాలి.

జనరేటరును మూసిన గదిలో నడపరాదు. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. మనిషి ప్రాణం తీస్తుంది. చేంజోవర్ స్విచ్చి లేకుండా జనరేటరును లైనుకు కలపరాదు. అలా కలిపితే కరెంటు ఎదురు వెళ్ళి, స్తంభం మీద మనకోసం పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణానికే ముప్పు వస్తుంది.

పులిసిన పాలను ఏమి చేయాలి?

ప్రతి క్యానును కూలరులో పోయకముందు పరీక్షించాలి. టెస్ట్ ట్యూబులో 5 మిల్లీలీటర్ల పాలు పోసి, మరుగుతున్న నీళ్ళలో 5 నిమిషాలు ఉంచితే చాలు. పలుకులు కనిపిస్తే ఆ పాలు వేరుగా తీయాలి. ఒక్క పులిసిన క్యాను కూలరు మొత్తాన్ని చెడగొడుతుంది.

ఈ సమయంలోనే కొందరికి వంటసోడా గుర్తుకు వస్తుంది. సోడా పులుపును కప్పిపుచ్చుతుందే గాని పాలను బాగుచేయదు. ఫార్మలిన్ విషం. నిలవ కోసం పాలలో ఇటువంటివి కలపడం 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం శిక్షార్హం. అంతకంటె ముఖ్యమైన విషయం, ఆ పాలు చివరకు చేరేది పసిపిల్లలున్న ఇళ్ళకు.

పుల్లబడిన పాలను పారబోయనవసరం లేదు. తోడుపెట్టి చిలికి నెయ్యి చేసుకోవచ్చు. 6.5 శాతం వెన్న ఉన్న 10 లీటర్ల గేదెపాల నుండి శ్రద్ధగా చేస్తే అరకిలోకు పైగా నెయ్యి వస్తుంది. నెయ్యి కరెంటు లేకుండానే నెలల తరబడి నిలుస్తుంది. కట్టెల పొయ్యి, పెద్ద బాన, కవ్వం ఉంటే చాలు. చేతితో తిప్పే వెన్న తీసే యంత్రం ఉన్న సంఘాలు దానిని అటక మీద నుండి దింపి శుభ్రం చేసి ఉంచుకోవాలి. పుల్లబడని పాలు మిగిలితే కోవా చేయవచ్చు గాని, చల్లదనం లేనిదే అది రెండు మూడు రోజులకు మించి నిలవదు. కొనేవారు దగ్గరలో ఉంటేనే చేయాలి.

లెక్కలు ఆగరాదు

కరెంటు లేకపోవడం లెక్క రాయకపోవడానికి కారణం కాదు. తనిఖీలలో నేను చూసిన ఒక సంఘంలో తుఫాను తర్వాత ఐదు రోజులపాటు పాలు తీసుకున్నారు గాని రిజిష్టరులో ఒక్క గీత లేదు. తర్వాత చెల్లింపు సమయంలో గట్టిగా మాట్లాడగలిగినవారికి డబ్బు అందింది, మాట్లాడలేనివారు ఊరుకున్నారు. మరొక సంఘంలో కార్యదర్శి లాంతరు వెలుగులో బడిపిల్లల నోటు పుస్తకంలో పేరు, సభ్యత్వ సంఖ్య, లీటర్లు రాసి, ప్రతివారి చేతికి చీటీ ఇచ్చాడు. అక్కడ ఒక్క తగాదా రాలేదు.

ప్రతి సంఘంలోనూ లీటరు కొలతలు, లాక్టోమీటరు, చేతితో తిప్పే గెర్బర్ యంత్రం, దానికి కావలసిన ఆమ్లం సిద్ధంగా ఉండాలి. ఇవి కరెంటు లేకుండా పనిచేస్తాయి. ఆమ్లం వాడేవారు చేతులు, కళ్ళు జాగ్రత్తగా కాపాడుకోవాలి. పరీక్ష చేయలేని రోజున, ఆ సభ్యుడు అంతకుముందు పది రోజులు పోసిన పాల సగటు వెన్న శాతాన్ని తీసుకోవడం న్యాయంగా ఉంటుంది. అయితే ఈ నియమం ముందుగా తీర్మానంలో ఉండాలి. తర్వాత చెప్పిన నియమాన్ని ఎవరూ నమ్మరు.

సంఘం చేసుకోవలసిన తీర్మానం

సంఘం 1964 సహకార సంఘాల చట్టం కింద ఉన్నా, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉన్నా, ఈ దిగువ విషయాలను సభ్యుల సమావేశంలో చర్చించి మినిట్సు పుస్తకంలో రాసుకోవడం మంచిది.

మొదటిది, పాల పంపకం. సాయంత్రం 600 లీటర్లు వస్తాయి, కాని 300 లీటర్లే చల్లబరచగలము అనుకుందాము. ముందు వచ్చినవారివి తీసుకుని మిగిలినవారిని వెనక్కి పంపితే, కేంద్రం పక్క ఇల్లు ఉన్నవారికి లాభం, శివారు పాలెం నుండి నడిచి వచ్చేవారికి నష్టం. అందరి దగ్గర సగం తీసుకుంటే సమానమే గాని, రెండు లీటర్లు తెచ్చినవారికి మిగిలే లీటరుతో నెయ్యి చేసుకునే వీలుండదు. ఇరవై లీటర్లు ఉన్నవారికి ఆ వీలుంటుంది. కనుక రెండు లీటర్ల వరకు అందరివీ పూర్తిగా తీసుకుని, మిగిలిన చోటును ఎక్కువ పాలు ఉన్నవారికి దామాషాగా పంచడం సబబని నా సలహా. నిర్ణయం మాత్రం సభ్యులదే.

రెండవది, పులిసిన పాల ఖాతా. వేరుగా తీసిన పాలకు వేరే పుస్తకం ఉండాలి. నెయ్యి అమ్మగా వచ్చిన డబ్బులో ఖర్చులు పోను, ఎవరు పోసిన వెన్నను బట్టి వారికి పంచాలి.

మూడవది, డీజిలు ఖర్చు. అత్యవసరంలో అధ్యక్షుడు, కార్యదర్శి కలిసి ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చో, ఏ నిధి నుండి పెట్టవచ్చో రాసి ఉండాలి. అనుమతి కోసం సమావేశం జరిపేలోగా పాలు విరిగిపోతాయి.

నాలుగవది, మనుషుల ఏర్పాటు. జనరేటరు ఎవరు చూస్తారు, టాంకరు రాదారికి అడ్డం పడిన చెట్లను ఎవరు తొలగిస్తారు, ఫోన్లు లేనప్పుడు శీతలీకరణ కేంద్రానికి కబురు ఎవరు తీసుకువెళతారు అన్నది పేర్లతో సహా రాయాలి.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు

బల్బు వెలగగానే కూలరు స్విచ్చి వేయరాదు. మూడు ఫేజులూ వచ్చాయా, వోల్టేజి సరిగా ఉందా చూడాలి. ఒక ఫేజు లేకపోతే మోటారు కాలిపోతుంది. లైన్లు కొత్తగా కలిపినప్పుడు ఫేజుల వరుస తారుమారు కావచ్చు. అప్పుడు కొన్ని రకాల కంప్రెసర్లు ఎదురు తిరిగి పాడవుతాయి. ఎలక్ట్రీషియను చూసిన తర్వాతనే నడపాలి. ఐదు రోజులు కాపాడుకున్న కూలరును ఆరవ రోజున పోగొట్టుకోరాదు.

మన తీరానికి తుఫానుల కాలం ముఖ్యంగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు. ఆ నెలలు రాకముందే ప్రతి సంఘం సమావేశం జరిపి పై విషయాలపై తీర్మానం చేసుకోవాలనీ, దాని నకలు పాల కేంద్రం గోడకు అందరికీ కనబడేలా అంటించాలనీ, చదవలేని సభ్యులకు చదివి వినిపించాలనీ కోరుతున్నాను.