ఫోన్ నంబరు ఇల్లు మారిన కథ

రండర్రా, ఇలా దగ్గరగా కూర్చోండి. అమ్మ సిమ్ మార్చింది, కంపెనీ మారింది, నంబరు మాత్రం పాతదే. "మరి ఫోన్ చేసేవాళ్ళకి అమ్మ కంపెనీ మారిందని ఎవరు చెప్పారు తాతయ్యా?" అని అడిగావు చూడు చిన్నా, అసలు ప్రశ్న అదే. దానికి జవాబు సిద్ధం చేయడానికి మన దేశంలో ఫోన్ కంపెనీలన్నిటికీ కలిపి ఏళ్ళు పట్టింది.

ముందు పాత పద్ధతి చెబుతాను. పది అంకెల మొబైల్ నంబరులో మొదటి అంకెలు ఊరికే పడ్డవి కావు. ఫలానా వరస ఫలానా సర్కిల్లో, అంటే ఫోన్ సేవల కోసం గీసిన ప్రాంతంలో, ఫలానా కంపెనీది అని టెలికాం శాఖ పంచి ఇచ్చింది. మనం నంబరు నొక్కగానే మన కంపెనీ ఎక్స్ఛేంజి ఆ మొదటి అంకెలు చూసి కాల్‌ని అటువైపు పంపేసేది. అంతకు మించి ఆలోచించాల్సిన పని దానికి లేదు. కాబట్టి కంపెనీ మారాలంటే నంబరు వదులుకోవాల్సిందే. షాపు బోర్డు మీద రాయించుకున్నదీ, బ్యాంకు ఖాతాకి ఇచ్చినదీ, చుట్టాలందరి దగ్గరా ఉన్నదీ ఆ నంబరే కదా! ఎవరు వదులుకుంటారు? సిగ్నల్ అందకపోయినా, బిల్లు వాచిపోయినా జనం ఉన్నచోటే పడి ఉండేవారు. కంపెనీలకి అది హాయి, జనానికి అన్యాయం.

పల్లెటూళ్ళలో ఇంటి గుర్తుని బట్టి మనుషుల్ని పిలుస్తారు, విన్నారా? "వేపచెట్టింటివాళ్ళు" అంటారు. ఆ కుటుంబం ఊరి అవతలి చివర కొత్త ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయినా పిలుపు మారదు. ఊళ్ళోవాళ్ళకి సంగతి తెలుసు. పైఊరి చుట్టం మాత్రం తిన్నగా వేపచెట్టు దగ్గరికే వెళ్ళి తలుపు తడతాడు. అతన్ని సరైన గుమ్మం చేర్చాలంటే రెండు దారులున్నాయి. పాత ఇంట్లో దిగినవాళ్ళు "ఇక్కడ లేరు, అటు వెళ్ళండి" అని చూపించాలి. లేదా అతనే బయల్దేరే ముందు కనుక్కుని రావాలి.

ఫోన్లలోనూ ఈ రెండు దారులే. బ్రిటన్ మొదటిది పట్టుకుంది. కాల్ ముందు పాత కంపెనీకి వెళ్తుంది, అది కొత్త కంపెనీకి అందిస్తుంది. మొదలుపెట్టడం తేలికే. కానీ కంపెనీ మారిపోయిన మనిషి కూడా ప్రతి కాల్‌కీ పాత కంపెనీ దయమీద ఆధారపడాలి. ఆ పాత కంపెనీ మూతపడితే? ఫోన్ కంపెనీలకి నియమాలు పెట్టే మన ట్రాయ్ రెండో దారి పట్టింది. ఫోన్ చేసినవాడి నెట్‌వర్కే కాల్ పంపేముందు ఒక జాబితాలో వెతకాలి. ఈ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుంది అని అడిగితే జాబితా ఒక నాలుగంకెల దారి సంఖ్య ఇస్తుంది. అది పది అంకెల ముందు చేరుతుంది. కాల్ ఆ నాలుగంకెలు పట్టుకుని కొత్త కంపెనీకి చేరుతుంది. మనకి ఇదేమీ కనబడదు. రింగ్ మొదలయ్యేలోపే అయిపోతుంది.

ఆ జాబితా ఎవరి చేతిలో ఉండాలి? ఏ ఫోన్ కంపెనీ చేతిలో పెట్టినా మిగతావాళ్ళు నమ్మరు. అందుకని దేశాన్ని రెండు మండలాలుగా చేసి, ఫోన్ కనెక్షన్లు అమ్మని రెండు సంస్థలకి 2009లో లైసెన్సులు ఇచ్చారు. ఉత్తరం, పడమర సినివర్స్‌కి. మన దక్షిణం, తూర్పు టెల్‌కార్డియా భాగస్వామిగా ఉన్న సంస్థకి. ఎవరైనా కంపెనీ మారగానే ఆ సంస్థ అందరికీ ఒకేసారి చాటింపు వేస్తుంది, అందరూ తమ దగ్గరున్న నకలు దిద్దుకుంటారు.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. చాటింపు విన్న పన్నెండు కంపెనీల్లో పదకొండు దిద్దుకుని ఒక్కటి దిద్దుకోలేదనుకోండి. ఆ ఒక్క కంపెనీవాళ్ళు చేసే కాల్స్ పాత గుమ్మానికే వెళ్ళి వెనక్కి వస్తాయి. అమ్మ ఫోన్ బాగానే ఉంటుంది, అమ్మ కంపెనీ తప్పేమీ ఉండదు. అయినా తాతకి అమ్మ దొరకదు! ఎవరికి వారు తమ యంత్రాలు బాగున్నాయని చూసుకుంటే చాలదన్నమాట. ప్రతి కంపెనీ మిగతా ప్రతి కంపెనీతోనూ కలిసి పరీక్షించుకోవాలి. లెక్క వేయండి: పన్నెండు కంపెనీలుంటే 66 జంటలు, అటూ ఇటూ చూస్తే 132 దారులు. ఒక్కో దారిలో మాట వేరు, ఎస్సెమ్మెస్ వేరు. ల్యాండ్‌లైన్ నుంచి వచ్చే కాల్ ఒకటి, విదేశం నుంచి వచ్చేది ఒకటి, రోమింగ్‌లో ఉన్నప్పుడు వచ్చేది ఇంకొకటి. జీఎస్ఎం, సీడీఎంఏ అని రెండు జాతుల నెట్‌వర్కులు పక్కపక్కన నడుస్తున్న రోజులవి. ఒకళ్ళ ఇంజనీర్లు సిద్ధంగా కూర్చున్నా, ఎదుటివాళ్ళ ఎక్స్ఛేంజిలో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కకపోతే ఆ రోజు పరీక్ష ఆగిపోవాల్సిందే.

అందుకే తేదీలు జరుగుతూ పోయాయి. 2006లో ట్రాయ్ సిఫారసు చేసింది. నియమాలు 2009 సెప్టెంబరులో వచ్చాయి. పెద్ద నగరాలకీ, మన ఆంధ్రప్రదేశ్ లాంటి పెద్ద సర్కిళ్ళకీ ఆ ఏడాది డిసెంబరు 31 గడువు అన్నారు. అది 2010 మార్చి 31 అయింది, తర్వాత జూన్ 30, ఆ తర్వాత అక్టోబరు 31. పేపర్లు వాయిదాల మీద విసుక్కున్నాయి. నాకైతే తేదీ జరపడమే సరైన పని అనిపిస్తుంది. పరీక్ష పూర్తికాకుండా తలుపులు తెరిస్తే పోయేది కంపెనీ పరువు మాత్రమే కాదు. అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి వచ్చే కాల్ పోతుంది. అందరికన్నా వెనకబడ్డవాడి నడకే అందరి నడక కావాలి, ఈ పనిలో వేరే మార్గం లేదు.

అమెరికావాళ్ళూ ఇలాగే చేశారు. 1996లో చట్టం చేసి, ల్యాండ్‌లైన్ నంబర్ల కోసం 1997లో ముందుగా చికాగో ప్రాంతంలో పరీక్ష పెట్టి, ఆ తర్వాత నూరు పెద్ద నగరాలకి విడతలు విడతలుగా వెళ్ళారు.

మనకి చికాగో పాత్ర హర్యానా పోషించింది. 2010 నవంబరు 25న రోహ్‌తక్‌లో మొదలుపెట్టారు. మరీ పెద్దది కాని సర్కిల్, తప్పు దొర్లినా దేశమంతా పాకదు. కానీ ఒక్కటి గమనించండి పిల్లలూ. హర్యానాలో ఒకాయన కంపెనీ మారాడు. గుంటూరు నుంచి ఆయనకి మిరపకాయల బేరం మాట్లాడటానికి ఎవరో ఫోన్ చేశారనుకోండి, ఆ కాల్ కూడా సరైన చోటికే చేరాలిగా! అంటే ఒక్క సర్కిల్లో తలుపు తెరవడానికి కూడా దేశమంతా వెతకడం నేర్చుకుని ఉండాలి. ఆ ఎనిమిది వారాల అనుభవంతో 2011 జనవరి 20న దేశమంతటా ప్రారంభించారు. రుసుము 19 రూపాయలకి మించకూడదన్నారు.

మారేవాళ్ళు చేయాల్సింది కొంచెమే. పోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, నంబరు వేసి 1900కి మెసేజ్ పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. దాన్ని కొత్త కంపెనీకి ఇవ్వాలి. మిగతాది తెరవెనక జరుగుతుంది. చెప్పిన వేళకి పాత కంపెనీ కనెక్షన్ తీసేస్తుంది, కొత్త కంపెనీ తగిలిస్తుంది, వెంటనే చాటింపు వెళ్తుంది. ఈ మూడూ వరస తప్పకూడదు. పాతది తీసేసి కొత్తది తగిలించే లోపు కొద్ది గంటలు ఫోన్ పలకదు. అందుకే జనం నిద్రపోయే వేళ చూసుకుంటారు.

పాత కంపెనీ మూతపడితే అని ఇందాక అడిగాను కదా. మనదేశంలో నిజంగానే మూతపడింది. 2018 మొదట్లో ఎయిర్‌సెల్ కూలిపోయింది. సిగ్నల్ ఆగిపోతుంటే లక్షలమంది కోడ్ కోసం ఎగబడ్డారు. అప్పట్లో ఆ కోడ్ ఇవ్వాల్సింది పాత కంపెనీయే. మునిగిపోతున్న ఓడనే పడవలు దింపమని అడిగినట్టయింది. బయటపడ్డవాళ్ళ నంబర్లు మాత్రం ఈ రోజుకీ మోగుతున్నాయి, వాటి మొదటి అంకెలు మూతపడ్డ కంపెనీవే అయినా సరే. అప్పుడెప్పుడో రెండో దారి ఎంచుకున్నవాళ్ళకి నేను మనసులో దండం పెట్టుకుంటాను. 2019 డిసెంబరు నుంచి ఆ కోడ్ ఇచ్చే పని కూడా పాత కంపెనీ నుంచి తీసి, జాబితా చూసుకునే సంస్థలకి అప్పగించారు. అంతకుముందు మారడానికి ఏడు పనిదినాలు పట్టేది, అదే సర్కిల్లో అయితే మూడుకి తగ్గింది.

సర్కిల్ దాటి నంబరు తీసుకెళ్ళడం చాలాకాలం కుదరలేదు. దానికీ మళ్ళీ ఇదే తంతు. 2015 మే 3 గడువు దాటిపోయి, జులై 3కి అమల్లోకి వచ్చింది. రాష్ట్రం రెండయినా టెలికాం లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇంకా ఒకటే సర్కిల్. అందుకే మీ మావయ్య విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళినప్పుడు ఈ ఇబ్బందే రాలేదు. బెంగళూరు, చెన్నై వెళ్ళిన మనవాళ్ళకి 2015 దాకా అక్కడి సర్కిల్ కనెక్షన్ కావాలంటే పాత నంబరు వదలక తప్పలేదు.

ఆ ఎనిమిది అక్షరాల కోడ్ మాత్రం ఎవరు అడిగినా చెప్పకండి. అది చేతికి చిక్కితే మీ నంబరు ఎత్తుకుపోవాలని చూసేవాళ్ళున్నారు. అందుకే 2024 జులై నుంచి, పోయిన సిమ్ బదులు కొత్తది తీసుకున్నవాళ్ళకి ఏడు రోజులు గడిచేదాకా కోడ్ ఇవ్వడం ఆపేశారు.