కొండవాలులో తడి ఎందుకు నిలవదు?

పుత్తూరు చుట్టూ ఉన్న కొండలు కార్తీకంలో పచ్చగా ఉంటాయి. శివరాత్రి దాటేసరికి ఎండుగడ్డి రంగుకు తిరుగుతాయి. వానలు లేకనే ఇలా అవుతోందని చాలామంది అనుకుంటారు. లెక్క చూస్తే అలా కనిపించదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాకు దక్కేది 550 చిల్లరే. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడిపే ఈ ప్రాంతంలో కొండవాలు మాత్రం వేసవికి ముందే ఎందుకు ఎండిపోతోంది? కారణం కాళ్ల కిందే ఉంది. అక్కడి నేల పలచన. ఆ పలచని నేలలోనూ చాలాచోట్ల మట్టి కంటే రాయే ఎక్కువ.

ఈ నేల పుట్టుక చూద్దాం. పుత్తూరు, నారాయణవనం, నగరి చుట్టూ ఉన్న కొండల్లో పైనున్నది ఎక్కువగా క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి భూమిలోపలి వేడికి, ఒత్తిడికి బిగుసుకుని ఏర్పడే గట్టి రాయి). ఈ పొరకు భూవిజ్ఞాన గ్రంథాల్లో నగరి క్వార్ట్‌జైట్ అనే పేరే ఉంది. దాని కింద ఉన్నవి ఇంకా పాతవైన గ్రానైటు, నైస్ రాళ్లు. తిరుమల ఘాట్ రోడ్డులో ఈ రెండూ కలిసే గీత బయటికే కనిపిస్తుంది. కింది రాయికీ పై రాయికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉంది. అందుకే భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఆ చోటును జాతీయ స్మారకంగా గుర్తించింది.

ఈ రెండు రాళ్లూ చివికే తీరు వేరు. గ్రానైటులో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది. నీరు తగిలితే అది మెల్లగా బంకమట్టిగా మారుతుంది. మిగిలిన గింజలు ముతక ఇసుకగా, గులకగా రాలతాయి. కొండ పాదాల దగ్గర కనిపించే ఎర్ర గరుసు నేల చాలావరకు అలా వచ్చిందే. క్వార్ట్‌జైటు దాదాపు మొత్తం సిలికాయే (ఇసుకలో ఉండే పదార్థం). బంకమట్టిగా మారే సరుకు అందులో దాదాపుగా లేదు. పగుళ్ల వెంట విరుగుతుంది, పెచ్చులూడుతుంది, అంతే. కాబట్టి పైవాలులో రాళ్లు పోగుపడతాయి, మట్టి పెద్దగా పుట్టదు. కాస్తో కూస్తో పుట్టినదాన్ని వాలు కిందికి దొర్లిస్తుంది.

శాస్త్రజ్ఞులు నేలను 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి చూస్తారు. జల్లెడ మీద మిగిలేది గులక. కిందికి దిగేదాన్నే మట్టిగా లెక్కిస్తారు, ఎందుకంటే మొక్కకు నీటిని, పోషకాలను పట్టి ఉంచేది ప్రధానంగా అదే. లోతు 50 సెంటీమీటర్ల లోపుంటే పలచని నేల, 25 లోపైతే బాగా పలచని నేల. ప్రపంచ నేలల వర్గీకరణలో ఇలాంటి రాతి మీది పలచని నేలలను లెప్టోసాల్స్ అంటారు. ఇవి అరుదైనవేమీ కావు. సుమారు 165 కోట్ల హెక్టార్లతో భూమి మీద అన్నిటికంటే ఎక్కువ విస్తీర్ణం ఉన్న నేల రకం ఇదే.

ఇప్పుడు చిన్న లెక్క. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టి ఒక మీటరు లోతులో మొక్కకు అందే నీటిని సుమారు 100 మిల్లీమీటర్లు పట్టి ఉంచుతుంది. లోతు 30 సెంటీమీటర్లే అయితే 30 మిల్లీమీటర్లు. అందులో సగం గులకైతే 15. అంటే ఆ వాలు ఒక చిన్న చెంబు. నవంబరులో ఒక రాత్రి 60 మిల్లీమీటర్లు కురిసినా అందులో నిలిచేది 15. ఏప్రిల్ ఎండలో నేల నుంచి, ఆకుల నుంచి రోజుకు 5, 6 మిల్లీమీటర్ల నీరు ఆవిరి కాగలదు. ఆ లెక్కన నిండిన చెంబు మూడు రోజులకు ఖాళీ. మొక్కలు ఆకులు ముడిచి, రాల్చి ఇంకొన్నాళ్లు నెట్టుకొస్తాయి. ఏడాది సగటు 900 అయినా 1,100 అయినా ఆ చోటి మొక్కకు పెద్ద తేడా ఉండదు. ఒక వానకూ మరో వానకూ మధ్య ఎన్ని రోజులన్నదే దానికి ముఖ్యం.

మిగిలిన 45 మిల్లీమీటర్లు ఏమయ్యాయి? కొంత రాతి పగుళ్లలోకి దిగి, నెమ్మదిగా నడిచి, కింద కోనల్లో ఊటగా బయటపడుతుంది. పుత్తూరుకు దగ్గర్లోని కైలాసకోన జలపాతం వేసవిలోనూ పారేది ఈ నిల్వ వల్లే. కొండ పైన మొక్క ఎండుతుండగా కింద నీళ్లు పారడం విడ్డూరంగా తోస్తుంది కానీ, రెండూ ఒకే నిర్మాణం ఫలితాలు. ఇంకొంత నీరు వాగుల్లో పడి అరణియార్‌లోకి, పిచ్చాటూరు జలాశయంలోకి వెళ్తుంది. నగరి వైపు వాగుల నీరు కుశస్థలిలో కలిసి తమిళనాడులోని పూండి జలాశయానికి, అక్కడి నుంచి చెన్నై కుళాయిలకు చేరుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడు ఇదంతా ఒక్కసారిగా జరుగుతుంది. 2021 నవంబరులో తిరుమల కొండ మీది నుంచి నీళ్లు మెట్లదారి మీదుగా ఉరికాయి. ఘాట్ రోడ్లు మూసేయాల్సి వచ్చింది. ఆ వాన అసాధారణమైనదే. కానీ పలచని నేల త్వరగా నిండిపోవడం కూడా ఆ ఉరవడికి తోడైంది.

ఇలాంటి నేలను రికార్డుల్లో పోరంబోకు అని రాసుకుని పనికిరానిదిగా చూడటం మనకు అలవాటు. నిజానికి దీనికి తగ్గ మొక్కలు దీనికున్నాయి. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోని ఈ రాతికొండల మీదే. చిరుమాను, బిల్లు చెట్లు వేసవిలో ఆకు రాల్చి, వేళ్లను పగుళ్లలోకి పంపి బతుకుతాయి. వాలు మీద బోదగడ్డి కుదుళ్లు, బందారు పొదలు మట్టిని పట్టి ఉంచుతాయి. వేగంగా పెరగడం వీటి పద్ధతి కాదు.

పైన పరుచుకున్న రాళ్లు కూడా దండగ కావు. విడిగా పడి ఉన్న రాయి వాన చినుకు దెబ్బను తాను కాస్తుంది, కింద తడి ఆరకుండా చూస్తుంది, నీరు ఇంకే సందులు మూసుకుపోకుండా కాపాడుతుంది. అదే రాయి గట్టిపడిన మట్టిపొరలో కూరుకుపోతే ఫలితం తిరగబడుతుంది. నీరు దాని మీదుగా జారి, చుట్టూ ఉన్న మట్టిని కూడా లాక్కుపోతుంది. ఒకే చోట రోజూ మందలు నడిస్తే జరిగేది అదే.

దీనికి మేకను దోషిగా నిలబెట్టడం తేలిక. నా దృష్టిలో అసలు సమస్య వేళ. తొలకరికి గడ్డి చిగురించేది వేరులో దాచుకున్న నిల్వతో. ఆ వారాల్లోనే మేపితే కుదురు నీరసిస్తుంది. గింజ రాలాక కోసినా, మేపినా నష్టం తక్కువ. లేత చిగురు కోసం ఎండుగడ్డికి నిప్పు పెట్టడం ఇంకా చేటు. వేసవి జడివానలు వచ్చే నాటికి వాలు మీద కప్పు ఉండదు.

అప్పుడు కొట్టుకుపోయేదెంత? హెక్టారు మీద ఒక్క మిల్లీమీటరు మట్టి పోతే దాదాపు 14 టన్నులు పోయినట్టు. 25 సెంటీమీటర్ల నేలలో ఒక సెంటీమీటరు పోతే నీటి నిల్వలో కనీసం 4 శాతం తగ్గినట్టే. పైగా ముందు పోయేది సన్నని మట్టి, వెనక మిగిలేది గులక. లోతు తగ్గుతూనే గులక పాలు పెరుగుతుంది. పోయిన సెంటీమీటరు మళ్లీ పుట్టడానికి వందల ఏళ్లు పట్టవచ్చు. క్వార్ట్‌జైటు మీదైతే ఇంకా ఎక్కువ.

అందుకే ఇన్ని వేల మొక్కలు నాటామనే లెక్కతో ఇలాంటి వాలు బాగుపడిందో లేదో తెలియదు. రాయి తగిలే చోట గుంత తీసి నాటిన మొక్క మొదటి ఏప్రిల్ దాటడం కష్టం. బాగా పలచని చోట కందకం తవ్వడమూ మంచిది కాదు. ఉన్న కాస్త మట్టినీ అది తోడేస్తుంది. అక్కడి రాళ్లనే వాలుకు అడ్డంగా వరుసలుగా పేర్చి, రెండు మూడేళ్లు మేత ఆపి, గడ్డి గింజలు చల్లితే చాలు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి చుట్టూ బోడిగా ఉండిన కొండలు మేతకు అడ్డుకట్ట వేసి, నీటిని ఆపి, మొక్కలు పెంచాక తేరుకున్నాయి. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు.

కొండ పాదాల దగ్గర సంగతి వేరు. అక్కడ మామిడి రైతు లోతైన గుంత తీసి, చెరువు పూడిక మట్టి నింపుతాడు. పై నుంచి కొట్టుకొచ్చి చెరువులో చేరిన సన్నని మట్టి అలా కొంతైనా చేనుకు తిరిగొస్తుంది. అదే పూడికను నిటారు వాలు మీద పోస్తే మొదటి వానకే మళ్లీ చెరువులో ఉంటుంది.

ఎక్కడ ఏది చేయాలో తెలియడానికి వాన వెలిసిన మర్నాడు గునపం దింపి చూడవచ్చు. జానెడు లోతులో ఖంగుమంటే ఆ చోటును గడ్డికి వదలాలి. మూరెడు దిగితే బందారు, తంగేడు లాంటి పొదలకు. అంతకు మించి దిగిన చోటే చెట్టుకు గుంత తీయాలి. ఒకే వాలులో పది అడుగులకు ఈ జవాబు మారుతుంది కాబట్టి ఒక్కచోట చూసి సరిపెట్టుకోకూడదు.