చెరువే బడి, ఈతే చదువు

బంగ్లాదేశ్ పల్లెల్లో ఇంటికీ నీటికీ మధ్య దూరం పట్టుమని పది బారలు ఉండదు. వరదకు మునగకుండా ఇల్లు నిలవాలంటే ముందు నేలను ఎత్తు చేయాలి. అందుకు కావలసిన మట్టిని ఆ పక్కనే త్రవ్వి తీస్తారు. ఇల్లు మెరకన నిలుస్తుంది. మట్టి తీసిన గుంట కొలను అవుతుంది. స్నానాలకు, గిన్నెలు కడగడానికి, చేపల పెంపకానికి ఆ కొలనే ఆధారం. ఇంటిని వరద నుండి కాపాడిన ఆ గుంటే ఎన్నో ఇళ్లలో బిడ్డను పొట్టన పెట్టుకున్నది.

ఇది తరతరాలుగా జరుగుతున్నదే. అయినా దాని పరిమాణం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. కారణం విచిత్రమైనది. జబ్బుపడిన బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్తారు. ఆ వివరం అక్కడి పుస్తకంలోకి ఎక్కుతుంది. నీట మునిగి చనిపోయిన బిడ్డను ఆసుపత్రికి ఎవరు తీసుకువెళ్తారు? తల్లి కడుపుకోత ఆ ఊరి పొలిమేర దాటదు. నీటి దయ్యం లాక్కుపోయిందని కొందరు, నొసటి వ్రాత అని కొందరు సరిపెట్టుకుంటారు.

2003 లో జరిగిన దేశవ్యాప్త సర్వే ఈ మౌనాన్ని ఛేదించింది. సర్వే బృందాలు 1,71,366 గడపలు ఎక్కి, 8 లక్షల మందికి పైగా జనుల వివరాలు సేకరించాయి. టీకాల వలన, ఉప్పు-చక్కెర ద్రావణం వలన అంటువ్యాధులు, అతిసారం తగ్గుముఖం పట్టిన ఆ దేశంలో, ఏడాది నిండినది మొదలు 17 ఏళ్ల వరకు గల పిల్లలను అన్నింటికన్న ఎక్కువగా బలిగొంటున్నది నీరేనని తేలింది. ఏటా సుమారు 17,000 మంది. అంటే రోజుకు 46 మంది. చిన్నపిల్లల మరణాలు పెక్కు ఇంటికి 20 మీటర్ల లోపునే, ఉదయం 9 గంటలకూ మధ్యాహ్నం 1 గంటకూ నడుమ, తల్లి వంటపనిలో, తండ్రి పొలంలో ఉండగా సంభవిస్తున్నాయి.

వేళ తెలిసింది, చోటు తెలిసింది. వేళా చోటూ తెలిసిన ఆపద ఇక విధి కాదు. నివారించదగిన ప్రమాదం మాత్రమే.

కొంగుచాటు కొన్నేళ్లే

2005 లో బంగ్లాదేశ్ ప్రమాద నివారణ, పరిశోధన కేంద్రం రాయ్‌గంజ్, షేర్‌పూర్, మనోహర్‌దీ అనే మూడు గ్రామీణ ప్రాంతాలలో ఒక ప్రయోగానికి పూనుకున్నది. ఐదేళ్లలోపు పసివారికి ఊళ్లోనే ‘ఆంచల్’ అనే శిశు సంరక్షణ కేంద్రాలు వెలిశాయి. బెంగాలీలో ఆంచల్ అంటే చీరకొంగు. తల్లికి తీరిక లేని ఆ నాలుగు గంటలూ ఊరిలోనే మరొక స్త్రీ పిల్లలను కనిపెట్టి ఉంటుంది. ఆటలు, పాటలు, చేతుల శుభ్రత అక్కడి పాఠాలు.

కాని బడి ఈడు వచ్చిన పిల్లవాణ్ణి కొంగున కట్టి ఉంచడం ఎవరి తరం? వాడు బడికి పోతాడు, దారిలో కాలువ గట్టున ఆగుతాడు, బంతి కోసం కొలనులోకి దిగుతాడు. వాడికి కావలసినది కాపలా కాదు, విద్య. ఆ విద్యే ఈత.

నీటి నడుమ పుట్టిన పిల్లలకు ఈత పుట్టుకతో వస్తుందని అనుకోవడం పొరపాటు. పూర్వం తండ్రో, మేనమామో దగ్గరుండి నేర్పేవారు. బ్రతుకుతెరువు కోసం మగవారు పట్నాలకు తరలిపోయాక నేర్పే చేయి కరువైంది. ఆడపిల్లలకు ఆ పాటి అవకాశం కూడా ఉండేది కాదు.

ఈ లోటు తీర్చడానికి లక్షలు పోసి కట్టిన ఈతకొలనులు అవసరం కాలేదు. ఊరి చెరువులోనే వెదురుబొంగులు పాతి, చుట్టూ దడి కట్టి, పిల్లల కాళ్లకు అందే లోతులో వెదురు తడికను అమర్చారు. శిక్షకులు ఆ ఊరి యువతీయువకులే. ఆడపిల్లలకు ఆడవారే నేర్పుతారు గనుక తల్లిదండ్రుల సంకోచం సడలింది. కొద్దిమంది పిల్లలను చొప్పున నీటిలో దింపి ముందు ఊపిరి బిగబట్టడం, తరువాత తేలడం, ఆపైన కాళ్లు ఆడించడం, చివరకు ఈదడం నేర్పుతారు. పరీక్ష సులభం: 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు నీటిపై తేలి ఉండాలి. ఇంటి కొలనులో కాలుజారిన పిల్లవాడు ఒడ్డు చేరడానికి ఆ మాత్రం చాలు. పతకాలు గెలిచే ఈత కాదిది; ప్రాణం నిలిపే ఈత.

ఫలితం ఊహకు మించినది. 2006 నుండి 2010 వరకు ఈత నేర్చిన సుమారు 80,000 మంది పిల్లలను, నేర్వని పిల్లలతో పోల్చి చూశారు. నేర్చినవారిలో నీట మునిగి చనిపోయే ప్రమాదం 93 శాతం తక్కువగా ఉన్నట్లు వెల్లడైంది. ఆంచల్ కేంద్రాలకు వచ్చిన పసివారిలో ఆ తగ్గుదల 82 శాతం.

ధైర్యం, తొందరపాటు

ఈత వస్తే పిల్లలు మరీ తెగించి నీటిలోకి దూకరా అన్న సందేహం సహజమైనదే. శిక్షణ పొందిన పిల్లలను, తమంతట తాము ఈత నేర్చుకున్న పిల్లలతో పోల్చిన పరిశీలన ఒకటి 2015 లో వెలువడింది. శిక్షణ వలన దుడుకుతనం పెరిగిన జాడ అందులో కానరాలేదు. సరియైన శిక్షణలో ఈతతోపాటు నీటిపట్ల జాగ్రత్త కూడా పాఠమే.

ఆ పాఠాలలో మిక్కిలి విలువైనది ఒడ్డున నిలిచి చేసే సాయం. స్నేహితుడు మునుగుతుంటే కళ్లారా చూసి ఊరకుండలేక దూకిన పిల్లవాడు, వాడితోపాటే మునిగిపోవడం తరచు వినే దుర్వార్త. మునిగేవాడు ప్రాణభీతితో దగ్గరకు వచ్చినవాణ్ణి గట్టిగా వాటేసుకుంటాడు. ఇద్దరూ అడుక్కు పోతారు. అందుచేత పిల్లలకు నేర్పవలసిన సూత్రం ఇది: కేకవెయ్యి, అందించు, విసురు; నీవు మాత్రం దూకకు. వెదురుకర్ర, చీర, త్రాడు, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ఏది దొరికితే అదే సాధనం.

ఒడ్డుకు చేర్చిన తరువాత చేసే పొరపాట్లు మరికొన్ని. నీళ్లు కక్కించాలని బిడ్డను తలక్రిందులుగా పట్టి గిరగిర త్రిప్పడం, పొట్ట నొక్కడం పల్లెల్లో నేటికీ ఉన్నది. దానివలన విలువైన నిమిషాలు వృథా అవుతాయి. అప్పుడు బిడ్డకు కావలసినది గాలి. శ్వాస ఆడకుంటే గట్టి నేలపై వెల్లకిల పరుండబెట్టి, తల కొద్దిగా వెనుకకు వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో ఊపిరి ఊదాలి. కదలిక లేకుంటే రొమ్ము నడుమ లయగా నొక్కుతూ, ఊపిరి అందిస్తూ, వైద్యసహాయం వచ్చేవరకు సాగించాలి.

మన గట్టున

విద్య ఉన్నంత మాత్రాన చాలదు, అది అందరికీ అందాలి. 2016 సర్వే నాటికి కూడా బంగ్లాదేశ్‌లో ఏటా 14,000 మందికి పైగా పిల్లలు నీటికి బలి అవుతూనే ఉన్నారు. 2022 లో అక్కడి ప్రభుత్వం 16 జిల్లాలలో 8,000 శిశు కేంద్రాలు నెలకొల్పి, ఆరు నుండి పదేళ్లలోపు పిల్లలు 3,60,000 మందికి ఈత నేర్పే పథకాన్ని ఆమోదించింది. అంతకు ముందు ఏడాది, బంగ్లాదేశ్, ఐర్లండ్‌ల చొరవతో ఐక్యరాజ్యసమితి జూలై 25 ను మునక నివారణ దినంగా ప్రకటించింది.

భారతదేశంలో 2022 లో నీట మునిగి 38,503 మంది మరణించినట్లు జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. 2023 డిసెంబరులో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ మునక నివారణకు ఒక వ్యూహపత్రాన్ని విడుదల చేసింది. గోదావరి, కృష్ణా కాలువల గట్లనూ, తెలంగాణ చెరువులనూ, వ్యవసాయ బావులనూ, వాన నీరు నిండిన క్వారీ గుంతలనూ ఎరిగినవారికి ఆ పత్రం ఎందుకో వేరుగా చెప్పనక్కరలేదు. బడికి సెలవులిచ్చిన వేసవిలో ఆ నీరు పిల్లలను రా రమ్మని పిలుస్తుంది.

ఎండిన సొరకాయ బుర్రనో, బెండు కట్టనో నడుముకు కట్టి, మోటబావిలో మనుమడికి ఈత నేర్పిన తాతలు తెలుగునాట ఉండేవారు. వారు ఏ సర్వేలూ చదవలేదు. నీటి ప్రక్కన బ్రతికే బిడ్డకు నీటి మర్మం తెలియాలని మాత్రం వారికి తెలుసు. ఆ తాతల పనిని ఇక ఊరు, బడి కలిసి చేపట్టవలసి ఉన్నది. బడి ఉన్న ప్రతి ఊరిలోనూ ఈత వచ్చిన పెద్దలు నలుగురైనా ఉంటారు. ఒక చెరువు, నాలుగు వెదుళ్లు, అనుభవజ్ఞుడైన శిక్షకుడు, గట్టున కాపలాకు కొందరు తల్లిదండ్రులు. రెండు రెళ్లు నాలుగని నేర్పే బడి, నీట పడితే ఒడ్డుకు చేరే ఉపాయం కూడా నేర్పినప్పుడే ఆ లెక్కలు అప్పజెప్పే గొంతు సాయంత్రానికి క్షేమంగా ఇంటికి చేరుతుంది.