అవార్డుకు ముందు చిట్టా పుస్తకము



2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటి, విజయనగరం జిల్లాను కూడ కుదిపివేసింది. నాలుగేళ్ళకు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర విరుచుకుపడింది. బిడ్డల్లా పెంచుకొన్న ఉద్దానం కొబ్బరి చెట్లు, జీడితోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. ఇటువంటి కష్టకాలములో బియ్యము, దుప్పట్లు, మంచినీళ్ళు మోసిన సంఘముల పెద్దలు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంటారు: "అయ్యగారూ, ప్రభుత్వము ఇటువంటి సేవకు అవార్డు ఇస్తుందట. మన పనికి మనమే దరఖాస్తు పెట్టుకోవడం తప్పు కాదా?"

ప్రశ్న మంచిది. ధర్మము చేసి బూర ఊదుకోవద్దని ప్రభువు కొండమీద హెచ్చరించారు. దీపమును దాచిపెట్టవద్దని చెప్పినదీ ఆ ప్రసంగములోనే. మన పేరు గొప్ప కోసమైతే దరఖాస్తు వద్దు. రేపటి తుపానులో ఇంకొక ఊరికి మేలు కలుగుతుందనుకొంటే తప్పు లేదు. అయితే ఆ కాగితము మీద ఒక్క అబద్ధము కూడ ఉండకూడదు.

ముందుగా ఆ అవార్డు సంగతి తెలుసుకొందాము. విపత్తుల విషయములో మంచి పని చేసినవారికి కేంద్ర ప్రభుత్వము సుభాష్ చంద్రబోస్ ఆపదా ప్రబంధన్ పురస్కారము ఇస్తుంది. నేతాజీ జయంతియైన జనవరి 23న దానిని ప్రకటిస్తారు. సంస్థకైతే 51 లక్షల రూపాయలు, వ్యక్తికైతే 5 లక్షలు, ధ్రువపత్రము ఇస్తారు. పద్మ పురస్కారములు వ్యక్తులకే గాని సంస్థలకు ఇవ్వరు. ఇది సంస్థలకు కూడ ఇస్తారు. కేంద్ర ప్రభుత్వపు అవార్డుల వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకోవాలి. గడువు తేదీని అక్కడే చూచుకోవచ్చును.

ఇంతవరకు ఎవరికి వచ్చింది? 2021లో సీడ్స్ అనే స్వచ్ఛంద సంస్థకు వచ్చింది. 2023లో మన పొరుగున ఉన్న ఒడిశా రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు వచ్చింది. 1999 మహా తుపాను నేర్పిన పాఠముతో పుట్టిన సంస్థ అది. 2025లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌కు వచ్చింది. సునామీ హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారము మన మత్స్యకారులకు అందించేది ఆ సంస్థే. వీరెవరూ ఒక్కరోజు పంపకముతో ఈ పేరు తెచ్చుకోలేదు. ఏళ్ళ తరబడి చేసిన పని అది.

ఇక మన సంగతి. దరఖాస్తులో ఏమి చేశారు, ఎక్కడ చేశారు, ఎందరికి మేలు కలిగింది అని చెప్పవలసి ఉంటుంది. అప్పుడు కూర్చొని "సుమారు వెయ్యి కుటుంబములు" అని ఊహించి వ్రాయడము సులభమే. కాని ఆ వెయ్యిలో ఆరువందలు మన ఊహలో పుట్టినవైతే, ఆకలిగొన్నవారి పేరు మీద మనము అబద్ధమాడినట్లే. కాబట్టి దరఖాస్తు నాడు కాదు, బియ్యము పంచిన నాడే పుస్తకము వ్రాయాలి. ఏ తేదీన, ఏ ఊరిలో, ఏ ఇంటికి, ఏమి ఇచ్చాము. ఎవరిచ్చిన సొమ్ము, ఏ రశీదు మీద ఖర్చయ్యింది అనే వివరములు చిట్టాలో ఉండాలి. వేరొక సంస్థ ఇచ్చిన సరుకును మనము పంచితే, అది వారి సరుకేనని వ్రాయాలి. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరు చేయించి, ఏటేటా ఆడిట్ చేయించుకొంటే ఎవరడిగినా చూపించవచ్చును.

యెరూషలేము పేదల కొరకు చందా పోగైనప్పుడు పౌలు ఆ సొమ్మును ఒంటరిగా మోయలేదు. సంఘములు ఏర్పరచిన మనుష్యులను తోడు పెట్టుకొన్నాడు. అపొస్తలునికే సాక్షులు కావలసి వస్తే, మనకు అక్కర లేదా?

ఫోటోల విషయము మరొకటి. ఇల్లు కూలిన విధవరాలు బియ్యము సంచి పట్టుకొన్న ఫోటోను ఆమెను అడగకుండా దరఖాస్తుకు అంటించకండి. ఆమె మన సేవకు ఋజువు కాదు, మన తోబుట్టువు.

డబ్బు కడితే శాలువా కప్పి అవార్డు ఇస్తామనేవారు, గౌరవ డాక్టరేటు ఇస్తామనేవారు పల్లెల వరకు వస్తున్నారు. జాగ్రత్త! 1956 నాటి యు.జి.సి. చట్టము ప్రకారము చట్టబద్ధమైన విశ్వవిద్యాలయములు, వాటితో సమాన హోదా పొందిన సంస్థలు, పార్లమెంటు ప్రత్యేకముగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే డిగ్రీలు ఇవ్వగలవు. సంఘపు కానుకతో కొనుక్కొన్న బిరుదు సేవకునికి అలంకారము కాదు, భారము.

చివరిగా ఒక మాట. సంస్థకు వచ్చిన ఆ 51 లక్షలను విపత్తు పనులకే వాడాలనేది నియమము. అంటే అది జరిగిపోయిన సేవకు కూలి కాదు, రాబోయే తుపానుకు పెట్టుబడి. టార్పాలినులు, జనరేటరు, పడిన చెట్లు కోసే రంపములు, యువకులకు శిక్షణ మొదలైనవాటికి అది చెల్లుతుంది.

అవార్డు చాలామందికి రాదు. వచ్చినా రాకపోయినా, సరిగా వ్రాసిన చిట్టా మీ దగ్గర మిగిలి ఉంటుంది. ఏ వీధిలో ముసలివారున్నారో, ఏ ఇంటికి పక్కా కప్పు లేదో, పోయినసారి ఏమి చాలలేదో అందులో ఉంటుంది. అక్టోబరు మళ్ళీ వస్తుంది. ఆ రాత్రి మొదట తెరవవలసినది ఆ పుస్తకమే.

నమ్మకముగా పనిచేయు మీ చేతులను దేవుడు బలపరచును గాక.