డిజిటల్ సంతకానికి ప్రాణం ఎక్కడుంది?

2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో మండలంగా ఏర్పడిన ఇందల్వాయిలోనూ, నిజామాబాదు జిల్లాలోని ఇతర మండలాల్లోనూ సాధారణ రైతుకు డిజిటల్ సంతకం అనే మాట పరిచయమైంది 2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనతోనే. తహసీల్దారు డిజిటల్ సంతకం పడిన ఖాతాకే కొత్త పట్టాదారు పాసుపుస్తకం రావడం, 2018 నాటి రైతుబంధు సాయం కూడా దానితోనే ముడిపడి ఉండడం వల్ల, కంటికి కనిపించని ఈ సంతకం ఎకరాల లెక్కంత ముఖ్యమైపోయింది. తర్వాత 2020లో భూ రికార్డుల పోర్టల్ ధరణి, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చినా ఈ సంతకం అవసరం మాత్రం తగ్గలేదు.

ఈ సంతకం కాగితం మీది గీత వంటిది కాదు. పత్రంలోని సమాచారమంతటినీ ఒక గణితసూత్రం నిర్ణీత నిడివి గల సంఖ్యగా కుదిస్తుంది. దానిని హాష్ అంటారు. పత్రంలో ఒక్క అంకె మారినా హాష్ పూర్తిగా మారిపోతుంది. సంతకందారు తన వద్ద రహస్యంగా ఉంచుకునే ప్రైవేట్ కీతో ఆ హాష్‌పై చేసే గణనఫలమే సంతకం. ఆ ప్రైవేట్ కీకి జతగా పుట్టిన పబ్లిక్ కీతో ఎవరైనా ఈ సంతకాన్ని సరిచూడవచ్చును గాని, పబ్లిక్ కీ నుంచి ప్రైవేట్ కీని రాబట్టడం ఆచరణలో సాధ్యం కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం మూడో సెక్షను ఈ పద్ధతినే నిర్దేశించింది.

అయితే ఆ పబ్లిక్ కీ ఫలానా అధికారిదేనని నమ్మడం ఎలాగన్న ప్రశ్నకు సమాధానమే డిజిటల్ సర్టిఫికెట్. వ్యక్తి పేరును, అతని పబ్లిక్ కీని, గడువు తేదీలను ఒకచోట చేర్చి లైసెన్సు పొందిన ధ్రువీకరణ సంస్థ తన సంతకంతో దానిని జారీ చేస్తుంది. ఆ సంస్థను కేంద్ర ప్రభుత్వపు కంట్రోలర్ ధ్రువీకరిస్తారు. ఇదే ధ్రువీకరణ గొలుసు. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ బ్యాంకింగ్ రంగానికి ఇటువంటి ధ్రువీకరణ సంస్థగా పనిచేసింది.

వ్యక్తుల ప్రైవేట్ కీ సాధారణంగా డాంగిల్ అని పిలిచే యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. వెబ్‌సైట్లకూ ఇటువంటి సర్టిఫికెట్లే ఉంటాయి. వాటి కీలు మాత్రం సర్వర్లలో ఉంటాయి గనుక, వాటి నిర్వాహకులు బొమ్మలూ బటన్లూ లేని కమాండ్ లైన్ తెరపై ఆదేశాలను టైపు చేసి పని నడుపుతారు. అందుకు విరివిగా వాడే ఉచిత సాధనం 1998లో వెలువడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. దానిలో ‘జెన్‌పీకీ’ ఆదేశం కీని పుట్టిస్తుంది. ‘రెక్’ ఆదేశం సర్టిఫికెట్ కోసం అభ్యర్థన తయారుచేస్తుంది. ‘వెరిఫై’ ధ్రువీకరణ గొలుసును పరీక్షిస్తుంది. ధ్రువీకరణ సంస్థకు వెళ్లేది పబ్లిక్ కీ ఉన్న అభ్యర్థన మాత్రమే. ప్రైవేట్ కీ పుట్టిన యంత్రాన్ని దాటకూడదు, ఆ కీ ఉన్న ఫైలును చదివే అనుమతి దాని యజమానికి తప్ప ఇతరులకు ఉండకూడదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉన్నట్టు, ఈ వ్యవస్థ ప్రాణమంతా ఆ చిన్న ఫైలులోనే ఉంటుంది.

గడువు మరో సమస్య. వెబ్‌సైట్ సర్టిఫికెట్ల గరిష్ఠ కాలపరిమితిని దశలవారీగా తగ్గించి 2029 మార్చి నాటికి 47 రోజులకు తేవాలని బ్రౌజర్ సంస్థలూ ధ్రువీకరణ సంస్థలూ 2025లో నిర్ణయించాయి. అంత తరచుగా చేతితో పునరుద్ధరించడం కష్టం గనుక, గడువును ముందే కనిపెట్టి కొత్త సర్టిఫికెట్‌ను తెచ్చుకునే ఆదేశాలను కంప్యూటరే వేళకు నడిపేలా అమర్చడం అనివార్యమవుతోంది.

ధ్రువీకరణ గొలుసులో పై లంకె సడలితే కింది నమ్మకమంతా పోతుంది. 2014 జులైలో భారత జాతీయ సమాచార కేంద్రం, అంటే ఎన్‌ఐసీ, ధ్రువీకరణ విభాగం పేరిట గూగుల్ వెబ్ చిరునామాలకు అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు బయటపడగా, కంట్రోలర్ గొలుసు మధ్యలోని ఆ విభాగపు సర్టిఫికెట్లను మర్నాడే రద్దు చేయవలసి వచ్చింది.

సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షను ప్రకారం ప్రైవేట్ కీని తన అదుపులో ఉంచుకోవలసిన బాధ్యత సంతకందారుదే. అది పరుల పాలైతే ఆలస్యం లేకుండా ధ్రువీకరణ సంస్థకు తెలపాలి, తెలిపేంతవరకు బాధ్యత అతనిదే. పాసుపుస్తకంలోని విస్తీర్ణం సరైనదని డిజిటల్ సంతకం నిరూపించదు. ఆ వివరాలను ఫలానా కీ ఆమోదించిందనీ, ఆ తర్వాత అవి మారలేదనీ మాత్రమే చెబుతుంది. కాబట్టి కొలత తప్పైతే దిద్దవలసింది సర్వేయరు, తహసీల్దారు. డాంగిల్ మరొకరి చేతిలో పెడితే మాత్రం ఎంత పటిష్ఠమైన గణితమూ ఆ భూమిని కాపాడలేదు.